పత్తి మింగిన బూర

మఖమల్ గుడ్డ కప్పితే ఎంత చెత్త సరుకైనా దర్బారు సామాను అయిపోతుందని నమ్మే మనిషి ఒకడు మా కల్లూరులో ఉండేవాడు. పత్తి సావుకారు. ఇంట్లో కుర్చీలకు మఖమల్, జట్కా బండి దిండుకు మఖమల్, చివరికి ఉమ్మి వేసే తమ్మపడిగ కింద కూడా ఎర్ర మఖమల్ ముక్క. యుద్ధం రోజుల్లో మాకు పంచెలకు గుడ్డ దొరక్క చస్తుంటే ఆయన తమ్మపడిగ మాత్రం దర్జాగా కూర్చుని ఉండేది. ఆ ఇంటి తలుపులూ కిటికీలూ చేసినవాణ్ణి కాబట్టి ఇదంతా కళ్ళారా చూశాను. చూసిన ప్రతిసారీ లోపల తిట్టుకున్నాను. పైకి మాత్రం "అట్లనే సావుకారూ" అనేవాణ్ణి.

మా ఇళ్ళలో మగవాళ్ళంతా దూది ఏకే పనివాళ్ళు. నేనొక్కణ్ణే వడ్రంగం పట్టాను. నా భార్య తండ్రి, మా మామ, దూది ఏకడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన కుట్టిన పరుపు మీద పడుకున్నవాడు ఇంకొకరి పరుపుకు ఒప్పుకోడు. అంతకంటే పెద్ద పేరు ఆయనకు నాటకాల్లో ఉండేది. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, రాజు వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే డేరా వెనక బండి కింద పడుకున్నవాడు కూడా లేచి కూర్చునేవాడు. అలాంటి గొంతు పడిపోయింది. నలభై ఏళ్ళు పీల్చిన దూది ధూళి ఊరికే పోతుందా? నాటకం కాంట్రాక్టరు రెండేళ్ళ పాటు సర్దుకుని, ఆ తర్వాత ఆ వేషం ఇంకొకడికి ఇచ్చేశాడు. అప్పటినుంచి మామ అన్నం దగ్గర కూడా నోరు విప్పేవాడు కాదు. దూది ఏకే విల్లు మీటుతూ, మీటుతూ, మధ్యలో ఆపి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. మా ఆవిడ అది చూసి ఏడ్చేది.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు సావుకారు ఊరి చివర పత్తి గింజ తీసే జిన్ను మిల్లు కట్టాడు. దాని ప్రారంభానికి కర్నూలు నుంచి పెద్దపెద్దవాళ్ళను పిలవాలి, వాళ్ళ ముందు తాను ఉపన్యాసం ఇవ్వాలి, అది ఊరంతా వినాలి. ఈయన మాట్లాడితే పక్కనున్న గుమాస్తాకే అర్థం కాదు, ఊరికేం అర్థమవుతుంది! అయినా బళ్ళారిలో మూతపడ్డ టాకీ డేరా వాళ్ళ దగ్గర మైకూ, దాని యంత్రమూ, రేకు బూరా కొన్నాడు. తెచ్చిన బండిలోనే పత్తి బేళ్ళు కూడా ఎక్కించారు ఆయన మనుషులు. బూర అడుగున, బేళ్ళు పైన. కల్లూరు చేరేసరికి బూర చపాతీ అయింది. మద్రాసుకు రాస్తే కొత్తవి ఇప్పట్లో దొరకవని జవాబొచ్చింది.

నన్ను పిలిపించాడు.

"ఏమప్పా, చెక్కతో చెయ్యలేవా ఇది?" అన్నాడు, ఆ నలిగిన రేకును కాలితో నెట్టి.

నేను వంకలు వెతుకుతుండగానే మామ నా ఇంటికి వచ్చాడు. రెండేళ్ళలో ఆయన ముఖంలో అంత వెలుగు చూడలేదు. కాంట్రాక్టరు కూడా ఆ ప్రారంభానికి వస్తున్నాడట. సావుకారు ఉపన్యాసం తర్వాత మామ మైకులో పద్యాలు పాడాలట. గొంతు చివరి వరస దాకా వినిపిస్తే ఉగాది నాటకంలో రాజు వేషం మళ్ళీ ఆయనదేనని కాంట్రాక్టరు నలుగురి ముందు మాట ఇచ్చాడట.

"గొంతు శానా చిన్నదైపోయినాది గానీ, రాగం యాడికీ పోలేదప్పా," అన్నాడు మామ. "కొంచెం ఎత్తి పట్టే యంత్రం ఉంటే చాలు. చేస్తావు గదా?"

చేస్తానన్నాను. సావుకారు కోసమైతే చేసేవాణ్ణి కాదు.

చెక్క ఏదీ పనికి రాలేదు. టేకు వంగదు, తుమ్మ బరువు. చివరికి కర్నూలు బజారులో టీ పొడి వచ్చే పెట్టెలు నాలుగు తెచ్చాను. పలుచని చెక్క పొరలు మూడు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి వాటిలో. ప్లైవుడ్డు అంటారు దాన్ని. మొదటి పలకను ఎద్దుల గోలెంలో రాత్రంతా నానబెట్టాను, మా వృత్తిలో చక్రానికి వంచే చెక్కను నానబెట్టినట్టు. తెల్లారేసరికి పొరలు మూడూ విడిపోయి తేలుతున్నాయి. నా తెలివికి నేనే ఛీ కొట్టుకున్నాను. తర్వాతి పలకలకు వేడినీళ్ళలో ముంచిన గోనెపట్టా కప్పి, మెత్తబడగానే టేకు బద్దల మీద కొంచెం కొంచెంగా వంచాను. నలిగిన రేకు బూర చుట్టుకొలతలు దారంతో కొలిచి, ఆ వంపు తప్పకుండా నాలుగు పక్కలూ కోశాను. సందులకు సరేసు జిగురు కాచి పూసి, పాత పంచె పేలికలు అంటించాను. సన్నని మూతి మాత్రం నాకు తెలిసిన పనే. గొర్రుకు విత్తనాలు పోసే జడ్డిగం ఎట్లా తొలుస్తానో అట్లాగే తుమ్మ మొద్దు తొలిచి, లోపల గాజుపెంకుతో గీకి నున్నగా చేశాను. యంత్రంలో చప్పుడు పుట్టించే ఇనప డబ్బా ఆ మూతికి బిగుసుకుంది. మొత్తం బూర మూడు మూరల పొడవు, వెడల్పు నోరు రెండు మూరలు. ఇంటినిండా టీ వాసన.

డబ్బా బిగించకముందు హంద్రి ఏటి ఒడ్డుకు మోసుకుపోయి, సన్నని మూతికి నోరు పెట్టి "ఓయ్!" అన్నాను. గట్టిగా కూడా అనలేదు. ఏటి అవతల ఇసుకలో గొర్రెలు తోలుకుపోతున్నవాడు ఠక్కున నిలబడి వెనక్కి తిరిగాడు.

"ఎవురప్పా అది?" అని అరిచాడు.

పరుగెత్తి వచ్చి మామకు చెప్పాను. ఆయన నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. పెద్దవాడు అట్లా చేస్తే నాకు సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది.

బూర మిల్లుకు చేరింది. సావుకారు చుట్టూ తిరిగి చూశాడు. వెడల్పు నోటి లోపల టీ కంపెనీ నల్ల అక్షరాలు తలకిందులుగా కనిపిస్తున్నాయి.

"ఏమిరా ఇది! దొరలు నా మిల్లుకొచ్చి టీ పెట్టెలో చూడల్లనా?"

రంగు వేస్తానన్నాను. రంగు వేయించుకునేవాళ్ళు బీదవాళ్ళట. "మఖమల్ వెయ్యి. లోపలంతా. మేకులు కనపడగూడదు, కింద దూది పెట్టి కుట్టించు. మీ మామ ఉండాడు గదా." అంతే. ఆ మనిషికి బుర్ర ఉండవలసిన చోట కూడా మఖమలే ఉందని నాకు ఆ రోజు రూఢి అయింది.

నేను వెంటనే కాదనాల్సింది. కానీ మామ అప్పటికే దూది ఏరుతున్నాడు. నంద్యాల వైపు నుంచి వచ్చిన పొడుగు పోగు పత్తి, గింజ నలుసు లేకుండా ఏరి, విల్లుతో మూడుసార్లు ఏకాడు. రాజుల పరుపుకు కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండడు.

"నా గొంతు గరుకు పడినాదప్పా," అన్నాడు, బూర లోపలికి భుజం దాకా చెయ్యి దూర్చి దూది పరుస్తూ. "చెక్క మీద పోతే చెక్క మాదిరే వస్తాది. మెత్తని దారిలో పోనిస్తే మెత్తగా వస్తాది. నువ్వు చూస్తాండు."

దూది పనివాడికి లోకంలో ఏ గరుకుకైనా దూదే మందు. గొంతు కూడా ఒక నడుమునొప్పే ఆయన లెక్కలో. సన్నని మూతి దాకా బెత్తెడు మందం దూది పరిచి, దాని మీద ఎర్ర మఖమల్ లాగి, కుట్లు కనపడకుండా కుట్టాడు. చూడ్డానికి నవాబుల పల్లకీ లోపలి భాగంలా ఉంది.

మామ సాయంత్రపు అసర్ నమాజుకు వెళ్ళాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. డబ్బా ఊడదీసి, మూతికి నోరు పెట్టి మళ్ళీ "ఓయ్!" అన్నాను. మిల్లు వాకిట్లో పది అడుగుల దూరంలో పడుకున్న కుక్క చెవి కూడా కదల్లేదు. ఇంకోసారి అరిచాను. నా అరుపు లోపలే ఎక్కడో మునిగిపోయింది.

అప్పుడు నేను నవ్వాను. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. నవ్వాను. రేపు కర్నూలు దొరల ముందు సావుకారు నోరు తెరుస్తాడు, బూర కుయ్యనదు, కయ్యనదు. మఖమల్ మొనగాడి పరువు గంగలో కలుస్తుంది. అందరూ నావైపు చూస్తే "సావుకారు చెప్పినట్టే చేసినా" అంటాను. ఉపన్యాసం పాడైపోగానే దూది పీకేస్తాను, మామ పాటకు బూర ఖాళీ అయిపోతుంది. ఇదీ నా పథకం. డబ్బా తిరిగి బిగించి, చేతులు తుడుచుకుని ఇంటికి పోయాను.

మరుసటి రోజు మధ్యాహ్నం షామియానా కింద ఊరంతా చేరింది. మిల్లు ఇంజను నుంచి యంత్రానికి కరెంటు ఇచ్చారు. మీటలు తిప్పేవాడు ఇంజను మేస్త్రీయే. సావుకారు లేచి ఉపన్యాసం మొదలుపెట్టాడు. బూర లోంచి ఎవరో కంబళి కప్పుకుని మూలుగుతున్నట్టు చప్పుడు. రెండో వరసకు ఒక్క ముక్క అందలేదు. నేను నవ్వుల కోసం ఎదురుచూశాను.

ఎవడూ నవ్వలేదు! ఆయన ఆగిన చోటల్లా చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒక ముసలివాడు "శానా బాగా చెప్పినాడు" అని తల ఊపాడు. ఏం చెప్పినాడ్రా నీ మొహం! మిల్లు ఆయనది, కూలి ఇచ్చేది ఆయన, సాయంత్రం భోజనం ఆయనది. అట్లాంటి మనిషి మాట వినపడాల్సిన పని లేదని నాకు అంతవరకూ తట్టలేదు.

సావుకారు కూర్చోగానే మామ లేచాడు. మధ్యలో దూది పీకడం అటుంచి, నాకు ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా లేదు. నాటకాల నాటి జరీ శాలువా భుజాన వేసుకున్నాడు, కళ్ళకు సుర్మా పెట్టుకున్నాడు. ముందు వరసలో కాంట్రాక్టరు కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. మామ నావైపు చూసి చిన్నగా నవ్వి, పద్యం ఎత్తుకున్నాడు.

అదే మూలుగు. "వినపడలే!" అని వెనకనుంచి ఒకడు అరిచాడు. సావుకారు మాట్లాడినప్పుడు వీడి గొంతు ఎక్కడికి పోయిందో! మేస్త్రీ మీట తిప్పాడు, మైకు కీచుమని అరిచింది, మళ్ళీ తగ్గించాడు. మామ మెడ నరాలు ఉబ్బేలా గొంతు పెంచాడు. పెంచిన చోట గొంతు పగిలింది, దగ్గు తెర కమ్మింది.

"ముసలాయన నిద్రలో పాడతాండాడా ఏంది!"

అందరూ నవ్వారు. నేను ఎదురుచూసిన నవ్వే అది.

కాంట్రాక్టరు సావుకారు వైపు వంగాడు. సావుకారు అందరికీ వినపడేట్టు, మైకు లేకుండానే, అన్నాడు: "బూర బంగారం మాదిరి ఉండాది. గొంతే లేదు. యంత్రం పెట్టినా పలకని గొంతుకు మనమేం చేస్తాం?"

నేను బూర కట్టిన గుంజ పక్కనే నిలబడి ఉన్నాను. "దూది పీకండి, మళ్ళీ పాడనీయండి" అంటే చాలు. కానీ అంటే, మరి నిన్న ఎందుకు చెప్పలేదురా అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి నోరు మూసుకున్నాను. మామ శాలువా మడత పెట్టుకుని, దగ్గుతూ, వేదిక మెట్లు దిగిపోయాడు. సావుకారును ఇంతసేపు తిట్టాను గానీ, ఆయనది ఒట్టి మూర్ఖత్వం. తెలిసి చేసినవాణ్ణి నేను.

వారం తర్వాత సావుకారు మఖమల్ ఇచ్చేయమని కబురు పెట్టాడు. కుట్లు విప్పడానికి మామే వచ్చాడు. ఒక్కో పొర దూదీ చించకుండా తీసి మూట కట్టాడు. తర్వాత ఎందుకో డబ్బా కూడా ఊడదీసి, ఖాళీ బూర మూతి దగ్గర వంగి, ఆ పద్యంలో సగం పాదం చాలా మెల్లగా పాడాడు. మిల్లు అవతలి గోడ దగ్గర పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు పని ఆపి ఇటు తిరిగారు. ఒకామె "ఆహా" అంది.

మామ లేచి నిలబడ్డాడు. ఆ ఆడవాళ్ళ వైపు చూసి, నావైపు తిరిగాడు.

"హంద్రి కాడ ఊది చూసినావు గదప్పా."

"చూసినా మామా."

"దూది పెట్టినాక?"

నేను నేల చూశాను. మామ మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఉగాది నాటకంలో వేరేవాడు రాజయ్యాడు. ఆ రోజు మామ మా ఇంటికి ఒక దిండు పంపించాడు, ఆ దూదితో కుట్టింది. మా ఆవిడకు ఏమీ తెలియదు. "నాయన నీ కోసమే కుట్టినాడు, ఎంత మెత్తగుండాదో చూడు" అంటూ రోజూ నా తల కిందే పెట్టేది. వద్దని చెప్పడానికి నాకు ఏ సాకూ దొరకలేదు.