పెద్దసారుకు చన్నీళ్ళ స్నానం

మా పక్కవాటాలో ఉండే అమ్మాయిని వీధంతా అద్దాలమ్మ అంటారు. నలభై దాటినా నాకు అమ్మాయే. విశ్వవిద్యాలయంలో రసాయనాల ప్రయోగశాలలకు భద్రతాధికారి. కళ్ళకు అద్దాలు పెట్టుకోనిదే ఎవరినీ గుమ్మం దాటనివ్వదు. ఆమెకు మాత్రం ఎడమ కన్ను కనిపించదు.

ఆ కన్ను ఎలా పోయిందో కూపీ లాగడానికి నా కాఫీపొడి చాలానే ఖర్చయింది. చదువుకునే రోజుల్లో ఆమెకొక సీనియర్ ఉండేవాడట. మిగిలిపోయిన యాసిడ్లను తాగేనీళ్ళ సీసాల్లో పోసి, పైన పేరైనా రాయకుండా ఎక్కడపడితే అక్కడ పెట్టేవాడు. అద్దాలు పెట్టుకోమని చెప్పే నాథుడు కూడా అప్పట్లో లేడు. ఈ పిల్ల నీళ్ళే అనుకుని, గాజు పాత్ర కడగడానికి ఆ సీసా వంచింది. పాత్రలో మిగిలినదానితో కలిసి అది బుస్సున పొంగి కంట్లో చిమ్మింది. విచారణలో ఆ మహానుభావుడు, “సీసా ఆ అమ్మాయే పెట్టుకుంది, మరిచిపోయి ఉంటుంది” అన్నాడు. అందరూ తలూపారు.

ఆ సీనియరే ఇప్పుడు విభాగానికి పెద్దసారు.

“రోజూ వాడి మొహం చూస్తూ ఎలా పనిచేస్తావే?” అని అడిగాను.

“ఆ సీసా తనదేనని ఆయన నోటితోనే నలుగురిలో చెప్పించాలి పిన్నీ. అందుకే ఇక్కడున్నాను” అంది. వేరేచోట మంచి ఉద్యోగానికి పిలిచినా కదల్లేదు. పగను కుండీలో మొక్కలా పెంచుకుంది. ఆయన కూడా సీసాల అలవాటు మానలేదు. ఇదేమిటని అడిగితే, “నీది మరీ చాదస్తమమ్మా” అని నవ్వేవాడట.

కొత్త ప్రయోగశాల తెరిచే రోజున నేనూ వస్తానని వెంటపడ్డాను.

“చెప్పులతో లోపలికి రానివ్వను పిన్నీ.”

“నేనేమైనా పరాయిదాన్నా?”

“యాసిడ్‌కు చుట్టరికాలు తెలియవు.”

చేసేది లేక అల్లుడి బూట్లు తొడుక్కుని, టపటపమని చప్పుడు చేసుకుంటూ వెళ్ళాను.

పెద్దసారు కొత్త సూటులో వచ్చాడు. వచ్చినవాళ్ళలో ఉపకులపతి కూడా ఉన్నాడు గనక బుద్ధిగా అద్దాలు పెట్టుకున్నాడు. రంగు మారే తమాషా చూపిస్తానంటూ అలమారలోంచి ఒక నీళ్ళ సీసా తీశాడు. దాని మీద పేరు లేదు. మూత బిగుసుకుపోతే గట్టిగా నొక్కి తిప్పాడు. లోపలున్నది ఛాతీ మీదంతా చిమ్మింది.

అద్దాలమ్మ ఒక్క అంగలో చేరుకుంది. “ఏముంది సార్ ఇందులో?”

“ఏదో... నీళ్ళేనేమో.”

“ఏమో అంటే యాసిడ్ కిందే లెక్క. రండి.”

గోడవార, తల మీదుగా పెద్ద షవరు ఉంది, దానికి గొలుసు వేలాడుతోంది. ఒంటిమీద తెలియనిది పడితే తడిసిన బట్టలు విప్పేసి దాని కింద పావుగంట నిలబడాలి. అక్కడి నియమం అది.

“ఇంతమందిలోనా? నా గదిలో కడుక్కుంటాను” అన్నాడు.

ఆమె ఆయన రెక్క పట్టుకుని షవరు కింద నిలబెట్టి గొలుసు లాగింది. దబదబా చన్నీళ్ళు పడ్డాయి.

“కోటు తీయండి. చొక్కా కూడా.”

“చొక్కానా?”

“తోలు దక్కాలా, పరువు దక్కాలా సార్?”

ఆడవాళ్ళు కొందరు మొహం తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు.

చొక్కా తీసేసరికి ఛాతీ మీద ఎర్రగా కమిలి ఉంది. అది చూసుకుని ఆయన బెదిరిపోయాడు. “మండుతోందమ్మా! నాకేం కాదు కదా?”

“కదలకండి. డాక్టరుకు కబురు వెళ్ళింది. ఏం పోశారో ఆయన అడుగుతాడు. ఎవరు పోశారు?”

“నేనే. నిన్న పోశాను. ఏదో గుర్తులేదు.”

“పేరు రాయలేదా?”

“ఎప్పుడూ రాయనుగా...”

“నా కంట్లో పడింది ఎవరి సీసా సార్?”

ఆయన ఉపకులపతి వైపు చూశాడు, తన ఛాతీ వైపు చూసుకున్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే, “నాదే. అదీ నాదేనమ్మా” అన్నాడు.

“గట్టిగా చెప్పండి, వెనకున్నవాళ్ళకు వినిపించలేదు” అంది.

మళ్ళీ చెప్పాడు. పావుగంట నిండాకే ఆమె నీళ్ళు కట్టేసింది. అప్పటికి డాక్టరు వచ్చాడు. తోలు దక్కింది.

ఇంటికి వస్తూ అడిగాను, “కడుపు చల్లబడిందా? ఒళ్ళు కాలకుండా కాపాడావు, ఇక క్షమించినట్టేనా?”

“కాపాడకపోతే నా జీతం దండగ. క్షమించమని ఎవరూ జీతం ఇవ్వలేదు. పాత విచారణ మళ్ళీ తెరిపిస్తాను. ఆ కుర్చీలోంచి దింపేదాకా వదలను.”

“సాక్ష్యానికి నన్ను పిలువు. కోటు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెబుతాను.”

“తొందరగా ముగిస్తావా పిన్నీ?”

“ఎందుకే తొందర? చొక్కా దగ్గర కాస్త ఆగుతాను.”