గట్టిమేళంలో పడ్డ గోల్

ఎనభైల చివరి సంగతి. కప్పు ఫైనల్లో మా పేట ఫుట్‌బాల్ జట్టు సత్తెనపల్లి వాళ్ళ చేతిలో ఒక్క పెనాల్టీ గోల్‌తో ఓడిపోయింది. ఒక్క గోలే గదా అనుకోకండి. నరసరావుపేటలో ఆ వారమంతా పొయ్యిలు వెలగలేదు, గేదెలు పాలు సగానికి తగ్గించాయి, కోర్టులో వాయిదాలు వాటంతటవే పడిపోయాయి. ఇవన్నీ నేను కళ్ళారా చూశానని కాదు. జరిగే ఉంటాయి.

ఊరు ఊరంతా తప్పును మా గోల్‌కీపర్ నెత్తిన పెట్టింది. అతను ఆయిల్ ఇంజన్ల మెకానిక్. ఆరడుగుల మనిషి, నేను చెబితే ఏడడుగులు. పొలంలో మొరాయించిన ఇంజను అతని చెప్పుల చప్పుడు వింటే చాలు, దానంతటదే స్టార్టయ్యేదని మా ప్రాంతంలో ప్రచారం. ఆ ప్రచారకుణ్ణి నేనే. నాకు ప్రాణస్నేహితుడు మరి. అలాంటివాడు పెనాల్టీ సమయంలో అవతలివాడు కాలు లేపకముందే ఎడమకి దూకేశాడు. బంతి కుడివైపు నుంచి, అత్తారింటికి వచ్చిన అల్లుడిలా తాపీగా లోపలికి నడిచి వెళ్ళింది.

ఎందుకు దూకాడో భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకడు అతను, రెండోవాణ్ణి నేను.

ఫైనల్‌కి ముందు వారం, ఎదుటి జట్టు ఆట చూసి గుట్టు పట్టుకురమ్మని మావాళ్ళు నన్ను సత్తెనపల్లి బస్సెక్కించారు. దిగాను. ఎదురుగా సినిమాహాలు, అప్పుడే మ్యాట్నీ గంట కొట్టారు. నేను హాల్లోంచి బయటికి వచ్చేసరికి అక్కడ ఆట ముగిసి, గ్రౌండులో మేకలు మేస్తున్నాయి. వట్టి చేతులతో ఎట్టా తిరిగి వచ్చేది? "వాళ్ళ కెప్టెన్ పెనాల్టీ ఎప్పుడూ కీపర్‌కి ఎడమపక్కే కొడతాడు. నాలుగు చూశా. నాలుగూ అటే," అని ఒక గుట్టు తయారుచేశాను. నలుగురిలో చెబితే బయటికి పొక్కుతుందని మా కీపర్ ఒక్కడి చెవిలోనే వేశాను.

మా కెప్టెన్‌ది బట్టలకొట్టు. అందరం అన్నా అనేవాళ్ళం. "ఆదివారం క్యాసెట్టు చూద్దాం. తప్పు వీడిదేనని తేలితే వచ్చేవారం మాచర్లలో ఆడే ఆటకి దాచేపల్లి నుంచి వేరే కీపర్ని తెస్తా," అని ఖచ్చితంగా చెప్పేశాడు. పదేళ్ళుగా ఆ గోలుపోస్టుల మధ్య నిలబడ్డవాడు కీపర్. ఆ మాట విని ఒక నట్టు బిగిస్తూ తలూపాడంతే.

క్యాసెట్టు ఎట్టా వచ్చిందంటే, కప్పు ఇచ్చిన మిరపకాయల వ్యాపారి తను కప్పు ఇచ్చేది ఊరు చూడాలని పెళ్ళిళ్ళకి వీడియో తీసే అతన్ని పెట్టించాడు. ఆదివారం భోజనాలయ్యాక కెప్టెన్ ఇంటి మేడ మీద, అద్దెకు తెచ్చిన టీవీ ముందు చేరాం. పదిమంది పట్టే గదిలో రెండువందల మందిమి. కీపర్ మూలన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. విచారణాధికారి వకీలు గుమాస్తా బాబాయ్. ఆయన ఫుట్‌బాల్ ఆడలేదు గానీ, ముప్ఫై ఏళ్ళు సాక్షులకి పాఠాలు నేర్పిన మనిషి.

వీడియో వినాయకుడితో మొదలైంది. కారు దిగుతున్న వ్యాపారి, దండ వేయించుకుంటున్న వ్యాపారి, సోడా తాగుతున్న వ్యాపారి. వెనక సన్నాయి. వీడియో అతను మైదానంలో శబ్దాలన్నీ తీసేసి ఆద్యంతం సన్నాయే పెట్టాడు. మా జట్టు మగపెళ్ళివారిలా నడిచొచ్చింది. బంతి గాల్లోకి లేచినప్పుడల్లా కెమెరా వ్యాపారి మొహం మీదికి పోయేది. చేసేదేం లేక, ఆయన మెడ తిరిగిన దిక్కుని బట్టి ఆట ఎటు పోతోందో లెక్కకట్టాం.

"బాబాయ్, లేచాడు! మనకి కార్నరొచ్చినట్టుంది."

"కూర్చోరా. పంచె సర్దుకుంటున్నాడు."

పెనాల్టీ దగ్గరికొచ్చేసరికి వీడియో అతనికి ఏం బుద్ధి పుట్టిందో, గోలు వెనకున్న జనాన్ని తీద్దామని పక్కకి వచ్చాడు. తెర మీద కీపర్. వల వెనక ఒక గళ్ళచొక్కా. కీపర్ వెనక్కి తిరిగి చూశాడు. గళ్ళచొక్కా మనిషి ఎడమచేత్తో గేదెల్ని అదిలిస్తున్నట్టు పక్కకి ఊపాడు. కీపర్ దూకాడు. ముఖ్యమైన ఘట్టం కాబట్టి సరిగ్గా అప్పుడు గట్టిమేళం మోగింది, తెర నిండా పూలు రాలాయి. గదంతా పగలబడి నవ్వింది.

"ఆపు!" అన్నాడు బాబాయ్. "వెనక్కి తిప్పు."

గట్టిమేళం ఐదుసార్లు మోగింది. "ఆ ఊపేవాడు ఎవుడ్రా?" అన్నాడాయన. నా ఖర్మకి ఆ రోజు కూడా అదే చొక్కా వేసుకున్నాను. రెండువందల జతల కళ్ళు నా మీద పడ్డాయి.

నేను నోరు తెరిచేలోపు మూలనుంచి కీపర్ అన్నాడు, "దాహమేసి సోడా అడిగా బాబాయ్. లేదని చెయ్యూపాడు."

"లేదనటానికి అంత ఊపా?"

"వాడు దేనికైనా అంతే గదా."

"మరి ఎడమకి ఎందుకు దూకావ్?"

"నా తప్పే. ఏమన్నా అంటే నన్నను."

"సరే, తేలిపోయింది. దాచేపల్లికి కబురు చేస్తా," అన్నాడు కెప్టెన్.

కీపర్ లేచాడు. వాళ్ళమ్మ కాన్వాసు గుడ్డతో కుట్టిచ్చిన చేతి తొడుగులు నడుము నుంచి తీసి, మడత సరిచేసి, టీవీ మీద పెట్టాడు. అతని చేతుల్లేకుండా అవి ఎంత చిన్నగా కనిపించాయో చెప్పలేను. నేను! చెప్పలేకపోయాను.

"ఆ రోజు సత్తెనపల్లిలో నేను ఆట చూళ్ళేదు. సినిమాకి పోయా. ఎడమని చెప్పింది నేనే," అన్నాను. ఒక్క ముక్క కలపకుండా మాట్లాడటం నా జన్మలో అదే మొదలు.

సన్నాయి కూడా ఆగిపోయింది. కరెంటు పోయిందని తర్వాత తెలిసింది.

"సినిమా బాగుందా?" అన్నాడు చివరికి బాబాయ్. కెప్టెన్ నా మీదికి దిండు విసిరాడు. తర్వాత ఆ తొడుగులు తీసి కీపర్ చేతుల్లో పడేశాడు.

మెట్లు దిగుతుంటే కీపర్ నా భుజం మీద చెయ్యేశాడు. "నాకు తెలుసులే."

"ఏంది తెలుసు?"

"ఆ రోజు ఇంజను సామాను కోసం నేనూ సత్తెనపల్లిలోనే ఉన్నా. హాల్లోంచి వస్తా కనపడ్డావ్. పిలుద్దామనుకున్నా గానీ, సినిమాకి ఏడ్చి నీ కళ్ళు ఎర్రగా ఉన్నయ్. ఎందుకులే పాపం అని ఊరుకున్నా."

"మరి తెలిసి తెలిసి ఎట్టా దూకావురా?"

కింద చెప్పులు వెతుక్కుంటూ అన్నాడు, "వాడు తన్నబోతుంటే నాకేం తోచలా. వెనక్కి చూశా. అంత జనంలో నువ్వొక్కడివే నాకోసం ఎగిరెగిరి పడతన్నావ్. ఇంక కుడికి ఎట్టా దూకేది?"

మరుసటి వారం మాచర్ల ఆటకి నన్ను తీసుకుపోగూడదని జట్టంతా తీర్మానించింది. అయినా బస్టాండుకి పోయాను, దూరంనుంచి చూసి వద్దామని. బస్సు కిటకిటలాడుతోంది. కిటికీ పక్కన కీపర్, తన పక్క సీటు మీద తువ్వాలు పరిచి కాపలా కాస్తున్నాడు. నేను ఎక్కేలోగా ఆ సీటు కోసం ముగ్గురితో పోట్లాడాడట.

ముగ్గురే. ఎక్కువ చెప్పడం లేదు.