లియోకాదియా బంగారం, నికాంద్రో వెండి

మెక్సికోలోని హెరెస్ ఊళ్ళో కోడికంటే ముందు కూసేది లియోకాదియా పిండిమర. నాలుగున్నర కొట్టేసరికి మోటారు వేసేది. సున్నపు నీళ్ళలో ఉడికించి నానబెట్టిన మొక్కజొన్నలు బకెట్లలో పట్టుకుని ఆడవాళ్ళు వరసకట్టేవాళ్ళు. పిండిముద్ద వేడివేడిగా చేతికొస్తే తీసుకెళ్ళి రొట్టెలు కాల్చుకోవాలి. మర ఒక్కపూట ఆగిందంటే ఆ వీధి మొత్తానికీ పొయ్యి వెలగనట్టే.

తండ్రి పోయినప్పుడు ఆమెకి ఇరవై ఆరేళ్ళు. అప్పటినుంచీ మర ఆమెదే. పెళ్ళికి అడిగినవాళ్ళు లేకపోలేదు. ఇద్దరు వచ్చారు. ఇద్దరూ కూర్చోగానే ముందు మర అమ్మేద్దాం అన్నారు. ఇద్దరినీ వచ్చిన దారినే పంపేసింది. ఆ తర్వాత ఆమె నోటికి జడిసి ఇంకెవరూ రాలేదు.

డెబ్భై ఆరో సంవత్సరం ఆగస్టు ఆఖరున పెసో విలువ పడిపోయింది. పదహారేళ్ళుగా ఆమె బ్యాంకులో వేసిన డబ్బు, పుస్తకంలో ఒక్క అంకె కూడా మారకుండానే సగమైపోయింది. లియోకాదియా ఏడవలేదు. పుస్తకం తీసుకుని బ్యాంకుకి వెళ్ళి ఉన్నదంతా ఇచ్చేయమంది.

చెల్లెలు కూకా లబలబలాడింది. "అందరి డబ్బూ పోయింది, నీ ఒక్కదానిదే కాదు. తీసుకెళ్ళి ఏం చేస్తావే? మర కింద పాతిపెడతావా?"

"కాగితం మీద రాసింది వాళ్ళు చెరిపేస్తారు. నేను కొనేదాని మీద అచ్చు వేసి ఉంటుంది. దాన్ని చెరపడం ఎవరితరం?" అంది లియోకాదియా.

బస్సెక్కి సకతేకాస్ పట్నం వెళ్ళింది. అక్కడ చర్చి వెనక సందులో నాణేలు అమ్మే ఒక చిన్న కిటికీ ఉండేది. కిటికీ వెనక ఉబాల్దో అనే బక్కపలచని మనిషి. ఒక వైపు రెక్కల దేవత, రెండో వైపు పామును పట్టిన గద్ద ఉన్న యాభై పెసోల బంగారు నాణెం ఆమె ముందు పెట్టాడు. యాభై అని దాని మీద రాసి ఉన్నా యాభైకి వచ్చేది కాదు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందకీ ఆడించి చూసింది.

"ఏమైందమ్మా? నచ్చలేదా?" అన్నాడు ఉబాల్దో.

"బరువుంది," అంది. అంతకంటే గొప్ప మాట ఆమెకి తోచలేదు. తెచ్చిన డబ్బంతా పెట్టి అలాంటివే కొనుక్కెళ్ళింది.

అప్పటినుంచీ ఏటా డిసెంబరులో ఒక్క నాణెం. పంటలు పోయిన సంవత్సరాల్లో అదీ లేదు. పిండి కొద్దీ రొట్టె కదా అనుకుని ఊరుకునేది. కొన్నవాటిని ఒక పాత బిస్కెట్ల డబ్బాలో, ఒక్కో దాన్నీ ఒక్కో గుడ్డముక్కలో చుట్టి దాచేది. ఆ గుడ్డలన్నీ తన పాత లంగాలవే. నీలంగళ్ళది వానలు పడని ఏడాది. పసుపుపచ్చది కూకాకి కవలలు పుట్టిన ఏడాది. ఏ గుడ్డ ఏ సంవత్సరమో తడుముకోకుండా చెప్పేది.

ఎనభై ఎనిమిదిలో ఒక గురువారం మధ్యాహ్నం, మర కడుగుతుండగా టోపీ పెట్టుకున్న మనిషొకడు వచ్చాడు. తల్లి ఆసుపత్రిలో ఉందనీ, ఆవిడదే ఈ నాణెమనీ, చవగ్గా ఇచ్చేస్తాననీ చెప్పాడు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. ఉబాల్దో కిటికీ ధరలో మూడొంతుల్లో రెండొంతులే అడిగాడు. లియోకాదియా ఇచ్చింది. అందులో సగం జాలి, సగం ఆశ అని తర్వాత తనే ఒప్పుకునేది.

అతను వెళ్ళగానే, ఆ పూటకి ఆఖరున పిండికి వచ్చినవాడు నికాంద్రో. ఊరి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. భార్య పోయి నాలుగేళ్ళు. అంతమంది ఆడవాళ్ళ వరసలో తనొక్కడే మగవాడు కావడంతో వాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. "ఇవాళ మీ ఇంట్లో వంట ఏ రాగంలో నాయనా?" అని అడిగేవాళ్ళు. అతను నవ్వి బకెట్ ముందుకి జరిపేవాడు. మాటకారి కాదు. అందుకేనేమో, లియోకాదియా ఆ రోజు గొప్పకి పోయి నాణెం అతనికి చూపించింది.

అతను దాన్ని వేలికొన మీద నిలిపి రెండో చేతి గోటితో మీటాడు. ఇంకోసారి మీటాడు. మొహం ముడుచుకుపోయింది.

"ఏం?" అంది ఆమె.

"ఇది పాడటం లేదండీ. దగ్గుతోంది."

"నాకు వినపడలేదు," అంది లియోకాదియా. నిజమే, వినపడలేదు. దాదాపు ముప్పై ఏళ్ళ మర మోతకి ఆమె ఎడమ చెవి పూర్తిగానూ, కుడిచెవి సగమూ పోయాయి. ఊళ్ళో అందరికీ తెలుసుగానీ ఆమె ఎవరితోనూ అనేది కాదు. పెదవులు చూసి నెట్టుకొచ్చేది.

లోపలికెళ్ళి డబ్బాలోంచి ఒక మంచి నాణెం తెచ్చింది. అతను దాన్ని మీటాడు. ఆ సన్నటి మోత అతని మొహంలోనే ఆమెకి కనబడింది. కనుబొమలు పైకి లేచి అక్కడే నిలబడిపోయాయి. అప్పుడు ఆమె అక్కడున్న స్టూలు మీద కూలబడి, తన శాలువాతో మొహం కప్పుకుంది. నికాంద్రో నవ్వలేదు. బకెట్ కింద పెట్టి, సగం కడిగిన మరని తనే కడిగిపెట్టి వెళ్ళాడు.

మర్నాడు తెల్లవారుజామున వరస మొత్తం వచ్చాక ఆమె మోటారు ఆపేసింది.

"అందరూ వినండి. నిన్న నేను ఇత్తడి బిళ్ళని బంగారం రేటుకి కొన్నాను. టోపీ మనిషి, ఎడమ బుగ్గ మీద మచ్చ. మీ ఇళ్ళకీ వస్తాడు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, మళ్ళీ మోటారు వేస్తాను."

ఒక్కరు నవ్వారు. అది కూకా.

ఆ ఏడు డిసెంబరులో సకతేకాస్ బస్సులో లియోకాదియా పక్క సీట్లో నికాంద్రో కూర్చున్నాడు. "చెవి కావాలి కదా మీకు," అన్నాడు. కిటికీ దగ్గర ఉబాల్దో ఇచ్చిన ప్రతి నాణెమూ మీటి చూసేవాడు. ఉబాల్దో మొదట నొచ్చుకుని, తర్వాత అలవాటుపడ్డాడు. నికాంద్రో తనకోసం కొనుక్కునేది మాత్రం వెండి. ఔన్సు వెండిబిళ్ళలు, ఆరో ఏడో.

"వెండి ఏం పెట్టుబడండీ? చేతిలో ఉంటే నల్లబడుతుంది," అనేది ఆమె.

"మీ బంగారం నచ్చితే మెడలో వేసుకుంటారు, లేకపోతే దొంగలు ఎత్తుకెళ్తారు. నా వెండిని దొంగ కూడా మోయలేడు. అయినా మన ప్రాంతం బతికిందే వెండి మీద. మా తాత గనిలో తవ్వింది ఏదో ఒకటి నా దగ్గరకి తిరిగొచ్చిందనుకుంటాను."

తిరుగుబస్సు ఎక్కేముందు సంతలో నిలబడి గొర్దితాలనే మాంసం కూరిన మందపాటి రొట్టెలు తినేవాళ్ళు. డబ్బులు ఎవరు ఇవ్వాలన్న దగ్గర ఏటా గొడవే. ఆరేళ్ళు ఇలా గడిచాయి. ఆరేళ్ళూ 'మీరు' అనే పిలుచుకున్నారు.

ఆ రోజుల్లో కూకాదే పైచేయి. పెసో కుదురుకుంది, బ్యాంకులు మంచి వడ్డీ ఇస్తున్నాయి. ఆదివారం భోజనాల దగ్గర ఆమె అక్కని సాధించేది. "నా డబ్బు ప్రతినెలా పిల్లలు పెడుతోంది. నీ రెక్కల దేవత ఇన్నేళ్ళలో ఒక్క గుడ్డయినా పెట్టిందా?"

"పెట్టదు. పెట్టకపోయినా ఎగిరిపోదు," అనేది లియోకాదియా. కానీ ఇంటికొచ్చి డబ్బా తెరిచి, గుడ్డలు విప్పి చూసి, నిజంగానే తను మొండికేశానేమో అని దిగులుపడేది.

తొంభై నాలుగు డిసెంబరులో పెసో మళ్ళీ కూలింది. జనవరి చివరికల్లా వస్తువుల ధరలు ఆకాశానికెక్కాయి. సరిగ్గా అప్పుడే, ఒక సోమవారం మర మోటారు కాలిపోయింది. మోటార్లకి తీగ చుట్టే మెకానిక్ చూసి తల అడ్డంగా ఊపాడు. కొత్తది కొనాల్సిందే. సరిహద్దు అవతలినుంచి రావాలి. ధర విన్నాక ఆమె రెండోసారి చెప్పమంది, వినపడక కాదు.

వీధి ఆడవాళ్ళు బకెట్లు పట్టుకుని పావుగంట నడిచి అవతలి మరకి వెళ్ళసాగారు. వెళ్తూ ఆమె గుమ్మం ముందు ఆగి పలకరించేవాళ్ళు. ఆ పలకరింపులే ఆమెకి ఎక్కువ బాధ.

బుధవారం నాలుగు గుడ్డమూటలు తీసుకుని బస్సెక్కింది. నికాంద్రో క్లారినెట్ పెట్టె మోసుకుంటూ వెనకాలే ఎక్కాడు.

"ఇవాళ ఎక్కడ వాయిస్తారు?" అంది.

"కిటికీ దగ్గర," అన్నాడు.

ఉబాల్దో నాలుగు నాణేలూ తూచి కాగితం మీద లెక్క రాశాడు. పెసోల్లో చూస్తే ఒక్కొక్కటీ నెల కిందటికంటే దాదాపు రెట్టింపు పలుకుతోంది. మోటారుకి సరిపోతుంది, దాంతోపాటు మార్చాల్సిన మర రాళ్ళకి మాత్రం కొంచెం తక్కువ. లియోకాదియా గుడ్డలు మాత్రం వెనక్కి తీసుకుని మడతపెడుతోంది. ఇంతలో నికాంద్రో పెట్టె తెరిచాడు. అందులో క్లారినెట్ లేదు. సాక్సుల్లో నింపిన వెండి బిళ్ళలు, నలభై.

"రాళ్ళకి," అన్నాడు.

"మూసేయండి దాన్ని! మీ డబ్బు నేనెందుకు తీసుకుంటాను? ఊళ్ళో ఏమంటారు?"

"పెళ్ళి చేసుకుంటే ఏమీ అనరు."

ఆమెకి సరిగ్గా వినపడలేదేమోనని అతను మొహం ఆమె వైపు తిప్పి, పెదవులు కదిలేలా మళ్ళీ నెమ్మదిగా చెప్పాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళందరికీ కూడా అర్థమైంది.

"నాకు అరవై ఒకటి," అంది లియోకాదియా.

"నాకు అరవై ఆరు. తొందరపడమని అందుకే అంటున్నాను."

"మర అమ్మమంటారా?"

"అమ్మితే నాకు పిండి ఎవరిస్తారు?"

ఉబాల్దో గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, కొంటారో అమ్ముతారో పెళ్ళే చేసుకుంటారో, కొంచెం త్వరగా తేల్చండి. ఒంటిగంటకి కిటికీ మూసేస్తాను."

"ముందు మోటారు," అంది ఆమె. వెండిలో సరిగ్గా రాళ్ళకి సరిపడా తీసుకుని, మిగతా సాక్సులు తనే పెట్టెలో సర్ది గొళ్ళెం పెట్టింది. తిరుగుబస్సులో దారంతా మోటారు లెక్కలే వేసుకుంది. నికాంద్రో కిటికీలోంచి కలబందపొలాలు చూస్తూ, చేసింది తెలివితక్కువ పనేమో అనుకుంటూ కూర్చున్నాడు.

మూడు వారాలకి మోటారు వచ్చింది. మొదటిరోజు వీధి వీధంతా వచ్చింది. లియోకాదియా మొదటి పిండిముద్ద నికాంద్రో బకెట్‌లో వేసి, అందరూ వింటుండగా, మర మోతని మించిన గొంతుతో అంది. "ఏమయ్యా, మే నెలలో బ్యాండుకి వేరే బేరాలేవీ ఒప్పుకోకు."

ఆ 'ఒప్పుకోకు' విని వరసలో ముందున్న ముసలావిడ బకెట్ జారవిడిచింది.

పెళ్ళికి ఎర్రమిరపకాయలతో పందిమాంసం కూర కూకానే వండింది. వండుతున్నంతసేపూ సణుగుతూనే ఉంది. బ్యాంకులో తన డబ్బు కరిగిపోయిన బాధ ఒకటి, అక్క చెప్పిందే నిజమైన బాధ ఒకటి. వడ్డిస్తూ లియోకాదియా చెవి దగ్గర వంగి, "ఆ కిటికీ ఏ సందులోనే?" అని అడిగింది.

"రేపు కాదు, ఎల్లుండి కాదు, నెలకి కొంచెం కూడబెట్టి డిసెంబరులో రా. చూపిస్తాను," అంది లియోకాదియా.

అప్పటినుంచీ బస్సులో ముగ్గురు. కూకా బంగారమూ కొనలేదు, వెండీ కొనలేదు, మూడేళ్ళు ఊరికే వచ్చి ధరలు అడిగి గొర్దితాలు తిని వెళ్ళింది. నాలుగో ఏడు ఒక వెండి బిళ్ళ కొంది. దాన్ని హెరెస్ చేరేదాకా నికాంద్రో చేత పదిసార్లు మీటించింది.