మునిరత్నం చప్పట్లు

శ్రీకాళహస్తిలో దర్శనం అయినవాళ్లను మునిరత్నం తన వ్యానులో పులికాట్ సరస్సుకు తీసుకెళ్లి ఫ్లెమింగోలను చూపిస్తాడు. శ్రీహరికోట రోడ్డు పక్కన వ్యాను ఆపి, తలుపు బర్రున లాగి, అందరూ దిగి ఫోన్లు పైకెత్తాక గట్టిగా చప్పట్లు కొడతాడు. నీళ్లలో మేస్తున్న పక్షులన్నీ ఎర్రటి రెక్కలు విప్పి ఒక్కసారిగా లేస్తాయి. జనం వచ్చేదే ఆ ఫోటో కోసం. పదిహేనేళ్లుగా అతని పని ఇదే.

మొన్న పక్షుల్ని లెక్కపెట్టడానికి వచ్చిన గురప్ప అనే అటవీ ఉద్యోగి అతన్ని పక్కకు పిలిచాడు.

"నువ్వు చప్పట్లు కొట్టినప్పుడల్లా అవి మేత ఇడిసిపెట్టి లేస్తాయప్పా. మళ్లీ వలసొచ్చిన చోటికి అంత దూరం తిరిగి పోయేదానికి వాటికి బలం యాడినుంచి వస్తాది?"

మునిరత్నం వాదించలేదు. సరేనని తలూపాడు.

మర్నాడు వచ్చిన యాత్రికులకు దారిలోనే చెప్పేశాడు. "ఇంక చప్పట్లు కొట్టేది లేదు. అవి తింటా ఉంటాయి, చూసి వచ్చేద్దాం." ఇద్దరు ముగ్గురు మొహాలు మాడ్చుకున్నారు. అతను పట్టించుకోలేదు.

సరస్సు దగ్గర వ్యాను ఆపి తలుపు లాగాడు. ఇంకా ఎవరూ దిగనేలేదు. ఆ చప్పుడుకే పక్షులన్నీ లేచిపోయాయి.

మునిరత్నం తలుపు మీద చెయ్యి తీయకుండా అలాగే నిలబడిపోయాడు.

ముందు సీట్లో కూర్చున్న భారతమ్మ అనే పెద్దావిడ సంబరపడింది. "నువ్వేమీ చేయకనే లేచినాయే నాయనా."

"చేసినానమ్మా," అన్నాడు మునిరత్నం. "పదైదేండ్లు."