కూతురికి జూనియర్

డిగ్రీ మొదటి రోజు నేను క్లాసులోకి అడుగు పెట్టగానే గదంతా లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అంది. మేడమ్ నా వెనకాల వస్తున్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. తప్పు నాదే. మొదటి రోజు కదా అని గంజి పెట్టిన చీర కట్టి, కళ్లజోడు పెట్టి, భుజాన నల్ల బ్యాగు తగిలించుకుని వెళ్లాను. నలభై దాటిన ఆడది ఆ వేషంలో లోపలికి వస్తే పిల్లలు మాత్రం ఏమనుకుంటారు పాపం? "కూర్చోండమ్మా, నేనూ మీలాగే" అని గొణిగి ఆఖరి బెంచీలో కూలబడ్డాను. తర్వాత కిసకిసలు మొదలయ్యాయి. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

అసలు ఆ బెంచీ కోసం ఇంట్లో ఎంత లొల్లి పెట్టానో! పదో తరగతి కాగానే పెళ్లి చేశారు. మా ఆయనది పాల వ్యాపారం. నా చదువు పాల క్యాన్ల మధ్య ఎక్కడో జారిపోయింది. నా కూతురు ఇంటర్ చదువుతున్నప్పుడు దాని పుస్తకాలే ముందేసుకుని, వంటింట్లో కూర్చుని నేనూ ప్రైవేటుగా ఇంటర్ గట్టెక్కాను. ఇక డిగ్రీ అనేసరికి మా ఆయన "ఇంట్ల కూసోని సదివే డిగ్రీ ఉంటది గద" అన్నాడు. ఇంట్లో కూర్చుని చేసినవి చాలు, బెంచీ మీద కూర్చుని చదవాలి అన్నాను. మొండిదాన్ని. నా మొండితనానికి తగ్గట్టే సీటొచ్చింది. ఎక్కడ? నా కూతురు రెండో ఏడాది బీకాం చదువుతున్న ఆడపిల్లల కాలేజీలోనే, బీఏలో. ఊళ్లో ఇంకో కాలేజీ లేనట్టు!

ఆ సంగతి తెలిసిన సాయంత్రం నా కూతురు అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"అమ్మా, ఒక్కటి చెప్త, ఇంటవా?"

"చెప్పు బిడ్డా."

"కాలేజ్ల మనిద్దరం తెల్వనోళ్లం. నువ్వు మా అమ్మవని ఎవ్వరికి చెప్పొద్దు. నా దోస్తులకు తెలిస్తే నవ్వి సంపుతరు నన్ను."

"అబ్బో, మస్తు పెద్దదానివైనవే!" అన్నాను కానీ లోపల కలుక్కుమంది. దాని తప్పేముంది? పదో తరగతిలో మా అమ్మ బడికి వస్తే నేను గోడ దూకి పారిపోయేదాన్ని. సరే, ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

అలా మొదలైంది మా దొంగ కాపురం. జల్‌పల్లిలో ఒకే బస్సు ఎక్కేవాళ్లం. అది ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, కండక్టర్ వచ్చి ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ చింపి ఇచ్చేవాడు, దానికొకటి, నాకొకటి. ఒకసారి రెండు కార్డుల్లోనూ ఒకే ఇంటిపేరు, ఒకే చిరునామా చూసి "తల్లీ బిడ్డలా?" అని బస్సంతా వినపడేలా అడిగాడు. నా కూతురు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను బ్యాగులో లేని పెన్ను వెతికాను. నేను ఒక స్టాపు ముందే దిగి నడిచేదాన్ని. దారిలో హుస్సేనీ ఆలంలో మా అత్తమ్మ ఇల్లు. పొద్దున్నే అక్కడ ఒక పని ఉండేది, సిగ్గుచేటు పని.

మా కాలేజీలో ఒక ఆనవాయితీ ఉంది. ఫ్రెషర్స్ డే అయ్యేదాకా జూనియర్లు తలకు నూనె పెట్టి, రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టుకుని రావాలి. సీనియర్ ఎదురైతే ఆగి పలకరించాలి. ఉర్దూ పిల్లలైతే "సలామ్ బాజీ", మేమైతే "నమస్తే అక్కా". సీనియర్లు జాలిపడి "ఆంటీ, మీకొద్దులే" అన్నారు. అక్కడ ఊరుకోవాలా? ఊరుకుంటే నేనెందుకవుతాను! "అందరికెట్లనో నాక్కూడ అట్లనే" అన్నాను. ఇక తప్పుతుందా, రోజూ పొద్దున మా అత్తమ్మ ముందు కూర్చుని రెండు జడలు వేయించుకునేదాన్ని. ఆమె చెయ్యి మెత్తన, నోరు మాత్రం కత్తెర.

"ఏం కోడలా, వచ్చే ఏడు లంగా ఓణీ ఫంక్షన్ చేద్దామా?" అనేది రిబ్బన్ బిగిస్తూ. "నా కొడుక్కేమో నెత్తి తెల్లవడె. పెండ్లామేమో జడలేస్కొని బడికి వాయె!"

"జల్ది కానీ అత్తమ్మా, బెల్లు కొడ్తరు."

మొదటి వారంలోనే వరండాలో నా కూతురు ఎదురుపడింది. పక్కన దాని దోస్తులు. నా చుట్టూ నా క్లాసు పిల్లలు. అందరూ ఆగారు, నేనూ ఆగాను. అందరూ చేతులు జోడించారు, నేనూ జోడించాను. "నమస్తే అక్కా" అన్నాను, నేను కన్న పిల్లకు. దాని ముఖం చచ్చిపోయింది. తల దించుకుని వెళ్లిపోయింది. ఆ రోజు ఇంటికి వచ్చాక సంచీ మంచం మీదికి విసిరికొట్టింది.

"ఏందమ్మా నువ్వు! నాకు దండం పెడ్తవా? పాపం తాకుతది నాకు!"

"అందరు పెడ్తుంటే నేనొక్కదాన్నే పెట్టకపోతే అనుమానం రాదా? తెల్వనోళ్లం అన్నది నువ్వే గద!"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని, ఆపుకోలేక నవ్వాం. ఆ నవ్వు ఆగాక అది సంచీ తీసుకుని లోపలి గదికి పోయింది, నేను వంటింట్లోకి.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. చెప్పడానికి నోరు రావడం లేదు కానీ చెప్పాలి. ఆ రోజులు నాకు మస్తు నచ్చాయి. ఇంట్లో నేను ఫలానా వాడి భార్యను, ఫలానా పిల్ల తల్లిని. గ్యాస్ అయిపోతే నేను, నల్లా రాకపోతే నేను. కాలేజీ గేటు దాటితే నన్ను ఎవరూ ఏమీ అడగరు. క్యాంటీన్‌లో ఒకే ప్లేటు సమోసాలో నాలుగు చేతులు పడేవి, అందులో ఒకటి నాది. నా పక్క బెంచీ పిల్ల తన మనసులోని అబ్బాయి గురించి నా చెవిలో చెప్పేది. ఒక మధ్యాహ్నం అందరం క్లాసు ఎగ్గొట్టి లాడ్‌బజార్‌కు పోయి, కొనకుండానే గాజులన్నీ చేతికి వేసి చూసుకుని దుకాణం అతనితో తిట్లు తిన్నాం. ఆ మధ్యాహ్నం నా కూతురు తిన్నదా లేదా అని నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. సాయంత్రం బస్సులో దాని జడ వెనక నుంచి చూసినప్పుడు గుర్తొచ్చింది.

ఫ్రెషర్స్ డేకు ప్రతి జూనియర్ ఇంటి నుంచి ఒకరిని తీసుకురావాలి. ఇది కూడా ఆనవాయితీయే. మా పిల్లల్లో చాలామంది వాళ్ల ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లు. ఇంటివాళ్లు వచ్చి చూసుకుని మురిసిపోతారు. నా తరఫున ఎవరొస్తారు? ఆడపిల్లల కాలేజీ, మా ఆయన రానన్నాడు. "నేనొస్త" అంది మా అత్తమ్మ, పట్టుచీర తీసి సిద్ధంగా పెట్టుకుని. ఇద్దరికీ ఇద్దరం భయపడ్డాం, నేనూ నా కూతురూ. ముందు రోజు ఆమెను కూర్చోబెట్టి మరీ చెప్పాం, అక్కడ ఏమీ మాట్లాడొద్దు, వచ్చి కూర్చుని తిని పోవాలి అని. "నాకేం పనే మీతోని? నోరు కుట్టేసుకుంట" అంది.

హాలు కిక్కిరిసిపోయింది. వెనక కుర్చీల్లో బురఖాలు, చీరలు, చంకలో పిల్లలు. ఒక్కొక్క జూనియర్‌ను స్టేజీ మీదికి పిలిచి ఒక సీనియర్ మైకులో ప్రశ్నలు అడుగుతోంది. ఇంకో సీనియర్ పూలపళ్లెం పట్టుకుని పక్కన నిలబడి ఉంది. జవాబులు చెప్పిన పిల్ల జడలో ఒక పువ్వు పెడితే ఇక ఆ పిల్ల జూనియర్ కాదు, కాలేజీ పిల్ల. ఆ పళ్లెం పట్టుకున్నది నా కూతురే.

నా వంతు వచ్చింది. రెండు జడలతో ఎక్కేసరికి ఈలలు, చప్పట్లు. మైకు పట్టుకున్న సీనియర్ "చెల్లె, మీదేవూరు?" అంది, హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఊరు చెప్పాను. ఇష్టమైన సబ్జెక్టు చెప్పాను. ఎందుకు చదువుతున్నావంటే, బెంచీ మీద కూర్చోవాలని అన్నాను. చప్పట్లు మోగాయి. అబ్బ, ఆ చప్పట్లు!

"మరి పిల్లలున్నరా చెల్లే?"

"లేరు" అన్నాను.

ఆ మాట నాకు కొత్త కాదు. పెళ్లయిన తర్వాత ఏళ్ల తరబడి నాకు కడుపు పండలేదు. ఏ ఫంక్షన్‌కు పోయినా, ఏ గడప తొక్కినా మొదటి ప్రశ్న అదే, పిల్లలా? తల వంచుకుని "లేరు" అనేదాన్ని. ఇంటికి వచ్చి బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చేదాన్ని. నా కూతురు పుట్టిన రోజు, ఇక జన్మలో ఆ మాట అననక్కర్లేదని మా అమ్మను పట్టుకుని బోరుమన్నాను. అలాంటి మాటను ఆ రోజు తల ఎత్తుకుని, మైకులో అన్నాను.

"ఓయ్! ఆగు!"

వెనక కుర్చీల్లోంచి మా అత్తమ్మ లేచింది. మైకు అవసరం లేని గొంతు ఆమెది.

"ఏమన్నవే? లేరా? నీ నోట్లె మన్నువడ! పూలపళ్లెం వట్కొని నీ పక్కకు నిలవడ్డది ఎవలే మరి? నీ కడుపున వుట్టలేదా అది? దానికోసం నేను ఎక్కని గుట్ట లేదు, మొక్కని దర్గా లేదు! బతికున్న పిల్ల ముంగట గసొంటి మాట అంటరా ఎవలన్న!"

నవ్వు రెండుసార్లు వచ్చింది. మొదట తెలుగు వచ్చినవాళ్లు నవ్వారు. మిగిలినవాళ్లు "క్యా బోలీ? క్యా బోలీ?" అని అడిగి, "మాఁ-బేటీ హైఁ రే దోనో" అని, మేం తల్లీకూతుళ్లమని చెప్పించుకుని అప్పుడు నవ్వారు. రెండో నవ్వు ఇంకా పెద్దది. నేను పక్కకు చూశాను. నా కూతురు ఏడవలేదు. పూలపళ్లెం బల్ల మీద పెట్టింది, చేతులు చున్నీకి తుడుచుకుంది, మెట్లు దిగి వెళ్లిపోయింది. మైకు పట్టుకున్న పిల్ల నా జడలో పువ్వు పెట్టలేక, ఊరుకోలేక, నా చేతిలో పెట్టింది.

సాయంత్రం ముగ్గురం అత్తమ్మ ఇంటికి నడిచాం. ముందు నా కూతురు, వెనక నేను, నా వెనక అత్తమ్మ తిట్టుకుంటూ. గల్లీలో ఎవరైనా చూస్తారని నేను జడలు విప్పుకుంటూ నడిచాను. గుమ్మం దగ్గర నా కూతురు ఆగింది.

"నేను ఎవ్వరికి చెప్పొద్దన్న. లేనని చెప్పమన్ననా?"

"నీకోసమే అన్న బిడ్డా. నీ పరువు పోతదని..."

"ఒక బిడ్డ ఉన్నది అంటే అయిపోతుండె గద! పేరు ఎవలడిగిండ్రు నిన్ను?"

నిజమే. ఎవరూ అడగలేదు. ఆ చిన్న జవాబు నా నాలుక మీదికి ఎందుకు రాలేదు?

"మైకులున్నయ్, మంది ఉన్నరు, గాబరయింది బిడ్డా."

"గాబరేం లేదు నీకు. నవ్వుకుంట అన్నవ్" అంది. "నేను పక్కకే ఉన్న గద. చూసిన."

ఛీ, నా బతుకు! దానికోసమే ఆ అబద్ధమాడానని దారంతా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది ఒక్క మాటతో ఊడదీసి చేతిలో పెట్టింది. ఆ చప్పట్లలో, ఆ జడల్లో, నాకెవరూ లేకపోవడం నాకు బాగుంది. ఆ కాసేపు బాగుంది. అది దాని కంట పడింది. సిగ్గుతో చచ్చిపోయాను. క్లాసులో పిల్లలు లేచి నిలబడ్డ రోజు పడిన సిగ్గు దీని ముందు ఏపాటిది!

అత్తమ్మ మాత్రం ఇంకో పనిలో ఉంది. దోసిట్లో ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చింది.

"ఇగో, పట్టు. అసొంటి మాట వడ్డ పిల్లను అట్లనే ఉంచొద్దు. నువ్వే తియ్యి దిష్టి. అన్న నోరు నీదే గద."

నా కూతురు విసుక్కోలేదు. చిన్నప్పటిలాగే తూర్పు ముఖంగా పీట మీద కూర్చుని కళ్లు మూసుకుంది. నేను గుప్పిట మూసి దాని తల చుట్టూ తిప్పడం మొదలుపెట్టాను. దాని పసితనం నుంచీ తీస్తున్న దిష్టే, మాటలన్నీ నోటికి వచ్చినవే.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊరోళ్ల దిష్టి, వాడోళ్ల దిష్టి, దోస్తుల దిష్టి, దుష్మన్ల దిష్టి..."

ఆ తర్వాత రావలసిన మాట నాకు తెలుసు. ప్రతిసారీ గడగడా అనేసేదాన్ని. ఆ రోజు గొంతు దాటలేదు. గుప్పిట దాని నెత్తి మీదే ఆగిపోయింది. గుప్పిట్లో ఉప్పు చెమటకు తడిసింది.

నా కూతురు కళ్లు తెరవకుండానే అంది.

"తల్లి దిష్టి. అది గూడ అనమ్మా. అదే తాకింది నాకు."