బావ మూసిన బొక్క

మా బావ హనుమంతు శ్రీరాంపూర్ గనిలో పంపుల ఫిట్టర్. నీళ్లు కారే చోటల్లా మూయడమే ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోదు. ఒక పాత జీపు ఛాసిస్, ఇంకోదాని ఇంజను, మరోదాని గేరుబాక్సు తెచ్చి, ఐదేళ్లు తంటాలుపడి సొంతంగా ఒక జీపు కట్టుకున్నాడు. బజారుదాకా బాగానే నడుస్తుంది. గట్టిగా తోలితే మాత్రం గేరుబాక్సు కింద నూనె కారుతుంది.

నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు నాలుగుసార్లు మార్చాడు. నాలుగుసార్లూ జీపు కింద పడుకొని లైటు పట్టింది నేనే. ఆ నూనె సరిగ్గా నా చెవిలోనే ఎందుకు పడుతుందో దేవుడికే తెలియాలి. మెకానిక్‌కు చూపించమని చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది.

చివరికి మా అక్క మంజుల తేల్చేసింది. "ఇచ్చోడ చిన్నమ్మ ఇంటికి గీ జీపులనే పోదాం. చుక్క కారకపోతే ఉంచుకో. కారిందా, తుక్కు కింద అమ్మేస్త."

బావ ముఖం వాడిపోయింది. పాపం, ఆయనకున్న సరదా అదొక్కటే.

అయినా బుద్ధి రావద్దూ? ఘాటు రోడ్డు ఎక్కగానే, నేను వద్దంటున్నా వినకుండా, రెండో గేరులో ఇంజను అరుస్తుంటే లారీలను దాటించాడు. ఇచ్చోడలో దిగి చూస్తే కింద నల్లటి మడుగు. అక్క అప్పుడే తుక్కు కొట్టు ఎక్కడని చిన్నమ్మను అడుగుతోంది. నాకు భయమేసింది.

బావను రెక్కపట్టుకొని అక్కడి మెకానిక్ చాంద్‌పాషా దగ్గరికి తీసుకుపోయాను. ఆయన గేరుబాక్సు పైభాగం తడిమి ఆగాడు.

"గీ బొక్క ఎవలు మూసిండ్రు?"

"నేనే. లోపలికి దుమ్ము పోతదని మొదటి రోజే ఎంసీల్ ముద్ద పెట్టిన" అన్నాడు బావ, కొంచెం గర్వంగానే.

"వేడెక్కితే లోపల గాలి ఉబ్బుతది అన్నా. గీ బొక్క నుంచే బయటికి పోవాలె. నువ్వు దారి బందు పెట్టినవ్. ఇగ ఆ గాలి సీలు దిక్కు నుంచి నూనెను నూకుతది."

నాలుగు సీళ్లు. నా నాలుగు ఆదివారాలు. ఒళ్లు మండిపోయింది. తిడదామని తిరిగితే బావ తల వంచుకొని ఉన్నాడు.

"ముప్పై ఏండ్ల సంది బొక్క కనబడితే మూసుడే నేర్చిన" అన్నాడు మెల్లగా.

నేను మళ్లీ లైటు పట్టుకొని జీపు కింద దూరాను.

చాంద్‌పాషా ఆ ముద్ద గీకేసి, సీలు మార్చి, నూనె పోశాడు. "ఇంటికి చేరేదాక చూస్త" అంది అక్క, మేం తిరిగొచ్చి సంగతి చెబితే. దారిపొడవునా బావ గట్టిగానే తోలాడు. ఇంటికి రాగానే అక్క జీపు కింద తెల్ల అట్టముక్క పరిచింది. తెల్లారి తీసి చూస్తే అది తెల్లగానే ఉంది.

అక్క బావ పనిముట్ల డబ్బా తెరిచి, ఎంసీల్ ప్యాకెట్లన్నీ ఏరి, తన బీరువాలో పెట్టి తాళం వేసింది.

"జీపు నీ దగ్గర ఉంటది. గివి నా దగ్గర ఉంటయి."