మనవరాలి పట్టా

మిరపకాయ కళ్లంలో ఆరబోసి ఉండగా మబ్బు పట్టింది. కాయ మీద కప్పే పరదాను మావైపు పట్టా అంటాం. ఆ పట్టాలు చాలినన్ని లేవు. ఏడాది కష్టం తడిసిపోతుందేమోనని మా ఆయన ఆకాశం వంకే చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే, డిగ్రీ చదివే మనవరాలు ఏడుపుమొహంతో కాలేజీ నుంచి వచ్చింది.

"ఆటల సారు పెట్టే పరుగు పరీక్షలో పాసవకపోతే పట్టా ఇవ్వరంట తాతా!"

"ఇస్తారంటే పరిగెత్తవే మరి! ఎంత ఉంటదే? మన కాయంతా కప్పుద్దా?"

పిల్ల తెల్లబోయి, రెండు చేతులతో కాగితమంత కొలత చూపించింది.

"ఇంతేనా! ఇన్నేళ్లు చదివించుకుని ఇచ్చేది ఇదా? దీంతో ఒక తట్ట కూడా కప్పలేం గదే!"

నేను నవ్వాపుకుని అసలు సంగతి చెప్పేలోపే చినుకులు మొదలయ్యాయి. మేమిద్దరం కాయను కుప్పగా ఎగదోశాం. మనవరాలు ఇంటికీ కళ్లానికీ పరుగులు తీసి దుప్పట్లు, చీరలు, చివరికి నా బొంత కూడా తెచ్చి కప్పింది. కాయ దక్కింది.

ఆయాసపడుతున్న పిల్లను చూసి మా ఆయన అడిగాడు. "ఈ పరుగు చాలదా మీ సారుకి?"

"బూట్లేసుకుని పరిగెత్తితేనే లెక్కంట తాతా."

"అట్టాగా! మళ్లీ మబ్బు పట్టినప్పుడు మీ సారుని రమ్మనవే. బూట్లేసుకునే రమ్మను."